రెండు డబ్బాల బియ్యం

మా ఇళ్లల్లో చర్చిని గుడి అనే అంటాం. ఖమ్మం నుంచి డోర్నకల్ పోయే రైలు పట్టాలకు కాస్త లోపలగా ఉంటుంది మా ఊరు. అక్కడ ఇప్పుడున్నది మూడో గుడి. మొదటిది తాటాకు పాక, అది నేను చూళ్లేదు. రెండోదానికి మట్టి గోడలు, పైన బెంగుళూరు పెంకు. నేను పెరిగింది అందులోనే. ఇప్పటిదానికి స్లాబు, కింద టైల్సు, పైన రాత్రిపూట నీలంగా వెలిగే సిలువ. చీకటిపడ్డాక దూరం నుంచి చూస్తే పెట్రోలు బంకులా ఉంటుంది. ఆ మాటంటే మా తమ్ముడికి కోపం, ఎందుకంటే ఆ లైట్లు పెట్టించింది వాడే.

మూడు గుళ్లలోనూ మోకరించిన మనిషి మా ఇంట్లో నాయనమ్మ ఒక్కతే. ఆమె పోయి చాలా ఏళ్లయింది. సంఘంలో ఏదో ఒక మార్పు వచ్చి జనం రెండు జట్లుగా మాట్లాడుకోవడం మొదలుపెట్టినప్పుడల్లా నాకు ఆమె వంటింటి గూట్లో పక్కపక్కనే ఉండే రెండు డాల్డా డబ్బాలు గుర్తొస్తాయి. వాటి సంగతి చెప్పాలంటే కాస్త వెనక్కి వెళ్లాలి.

నాయనమ్మ బాప్తీస్మం తీసుకున్నది 1930లలో, చిన్నపిల్లగా, ఇంటిల్లిపాదితో కలిసి. ఏ సంవత్సరమంటే చెప్పలేకపోయేది, "చెరువు తెగిన ఏడు" అనేది. తనకు బాప్తీస్మం ఇచ్చింది డోర్నకల్ బిషప్ అజరయ్య గారే అని గట్టిగా చెప్పేది. తాతేమో "నీళ్లు పోసింది పాస్టరు గారు, పక్కన నిలబడింది బిషప్ గారు" అని సరిచేసేవాడు. ఈ తగాదా వాళ్లిద్దరూ బతికున్నంత కాలం తేలలేదు.

వి.ఎస్. అజరయ్య గారు తిరునెల్వేలి వైపు తమిళుడు. 1909లో డోర్నకల్ వచ్చి, తెలుగు నేర్చుకుని, 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా అభిషేకం పొందారు. ఆంగ్లికన్ సంఘంలో, అంటే ఇంగ్లండు చర్చి వాళ్ల సంఘంలో, ఆ పదవికి వచ్చిన మొదటి భారతీయుడు ఆయనే. అంత పెద్ద పదవిలో ఉండి కూడా ఎడ్లబండి మీద, సైకిలు మీద పల్లెలు తిరిగేవారు. మావాళ్లు ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్లు కాదు, తండ్రిగారు అనేవాళ్లు. బాప్తీస్మం అయినవాళ్ల చేత వాళ్ల చెయ్యి వాళ్ల తల మీదే పెట్టించి, "నేను బాప్తీస్మం పొందినవాణ్ని, సువార్త ప్రకటించకపోతే నాకు శ్రమ" అని చెప్పించేవారట. నాయనమ్మ ఇది చెబుతూ చెబుతూ అరచెయ్యి మాడు మీద పెట్టుకునేది. "జుట్టంతా తడే. చెయ్యి పెడితే నీళ్లు మోచేతి దాకా కారినయ్. చలికి పళ్లు కొట్టుకుంటంటే ఆ మాట సగమే వచ్చింది నాకు" అని నవ్వేది. మిగతా సగం మనసులో చెప్పుకున్నాను, దేవుడికి లెక్కే అనేది.

ఆ రోజుల్లో మా గూడెంలో మాలలూ సంఘంలో చేరారు, మాదిగలూ చేరారు. అయినా నీళ్ల దగ్గర ఎడం ఎడమే, ఒకరింట్లో ఒకరు తినే దగ్గర ఎడం ఎడమే. బల్ల, అంటే ప్రభువు రాత్రి భోజనం, ఇచ్చే ఆదివారం ఒకే గిన్నె అందరి పెదాలకూ తగలాలి. మొదటిసారి సగం మంది చాపల మీంచి లేవలేదట. పాస్టరు గారు గిన్నె పట్టుకుని అట్లాగే నిలబడిపోయారట. తర్వాత్తర్వాత ఒక్కొక్కరే లేచారు. పూర్తిగా అలవాటు పడటానికి ఏళ్లు పట్టింది. పెళ్లిళ్ల దగ్గర ఇప్పటికీ అలవాటు పడలేదు. ఆ సంగతి మీద మాత్రం ఎవరూ ప్రసంగం చెప్పరు.

చదువు కూడా గుడి పెట్టిన భిక్షే. పగలంతా దొరల పొలాల్లో కలుపు తీసి, రాత్రి గురువుగారి దగ్గర లాంతరు చుట్టూ కూర్చుని నాయనమ్మ అక్షరాలు నేర్చింది. పది ఆజ్ఞలు, ప్రభువు ప్రార్థన, విశ్వాస ప్రమాణం నోటికి వచ్చాకే బాప్తీస్మం. కాబట్టి ఆమె అక్షరాలు కూడబలుక్కుని చదివేది గానీ విశ్వాస ప్రమాణం మాత్రం ఆగకుండా, గుడి అంతా వినబడేట్టు చెప్పేది. పక్కనున్న మేము సిగ్గుపడేవాళ్లం.

ఇక ఆమె చూసిన మొదటి పెద్ద కుదుపు 1947 నాటిది. అజరయ్య గారు అప్పటికే 1945 జనవరి 1న కన్నుమూశారు. దక్షిణాది సంఘాలన్నీ ఒకటి కావాలని 1919లో తమిళనాడు తరంగంబాడిలో మాటలు మొదలుపెట్టినవాళ్లలో ఆయన ముఖ్యుడు. అది జరిగే నాటికి ఆయన లేరు. 1947 సెప్టెంబరు 27న మద్రాసు సెయింట్ జార్జి కేథడ్రల్‌లో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, అంతకుముందే కలిసిపోయిన కాంగ్రిగేషనల్, ప్రెస్బిటేరియన్ సంఘాలవాళ్లు అందరూ ఒక్కటై చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా, అంటే సీఎస్ఐ, అయ్యారు. ఈ మాట పుస్తకాల్లో ఎంతో ఘనంగా ఉంటుంది. మా గూడేనికి చేరింది మాత్రం పుకారుగా.

అప్పటికి మాది నిజాం ఏలుబడి. బయట దేశానికి స్వాతంత్ర్యం వచ్చింది, మాకు రాలేదు. పగలు రజాకార్ల భయం, రాత్రి దళాలు వస్తాయని భయం. సాయంత్రం ప్రార్థనకు లాంతరు వెలిగించాలన్నా ఆలోచించాల్సిన రోజులు. ఆ సమయంలో ఎవరో డోర్నకల్ నుంచి వచ్చి "మనల్ని మెదక్ వాళ్లతో కలిపేశారంట" అన్నారు. మెదక్ వైపు ఉన్నది వెస్లియన్ మెథడిస్టులు. వాళ్లకు బిషప్పులే లేరంట, వాళ్ల ఆరాధన వేరంట, మన ప్రార్థన పుస్తకం తీసేస్తారంట, తండ్రిగారు పోగానే సంఘాన్ని అమ్మేశారంట. ఇట్లా రోజుకో మాట. కొత్త కోడలిగా ఉన్న నాయనమ్మ పొయ్యి దగ్గర కూర్చుని మగవాళ్ల మాటలన్నీ వినేదట.

"నీకు భయం వేయలేదా నాయనమ్మా?" అని అడిగాను ఒకసారి.

"ఎందుకెయ్యలేదే? భయమే. అయితే ఆదివారం వచ్చింది గదా. గుడి ఊడవాలి గదా" అంది.

జరిగింది చూస్తే పుకార్లకు తగ్గట్టు ఏమీ లేదు. చాలాకాలం రిజిస్టరు మీద పేరు తప్ప ఏదీ మారలేదు. ఆ తర్వాత 1950లో సీఎస్ఐ కొత్త ఆరాధన క్రమం తయారైంది. అది మాదాకా రావడానికి ఇంకొన్నేళ్లు పట్టింది. వచ్చాక మాత్రం రెండు సంగతులు నాయనమ్మకు బాగా నచ్చాయి. ఒకటి, బల్ల దగ్గర పాస్టరు గారు అటు తిరిగి కాకుండా బల్ల వెనక నిలబడి జనం వైపు చూస్తూ ప్రార్థన చేయడం. "ఆయన ఏం చేస్తండో మొదటిసారి కనబడ్డది" అనేది. రెండోది సమాధానం, అంటే శాంతి, అందించడం. పాస్టరు గారి దగ్గర మొదలై చేతి నుంచి చేతికి వరుసంతా వస్తుంది. ఇచ్చేవాళ్ల కుడి అరచేతికి మన కుడి అరచెయ్యి ఆనించి, ఎడమ చేత్తో వాళ్ల చేతిని మూయాలి, వాళ్లూ అట్లాగే మూస్తారు. నాలుగు చేతులు ఒక్క క్షణం ముడిపడతాయి. పక్కన ఎవరు కూర్చున్నారో మనం ఎంచుకోలేం. నాకు గుర్తున్న నాయనమ్మ చేతులు అవే. కలుపు తీసి తీసి వేళ్ల సందులు పగిలి, గరుగ్గా, వెచ్చగా ఉండేవి.

నా చిన్నప్పటి గుడి గురించి ఎంతైనా చెప్పగలను, చెప్పుకుంటూ పోతే అందరి చిన్నప్పటి గుడిలాగే ఉంటుంది. మగవాళ్లు కుడివైపు, ఆడవాళ్లు ఎడమవైపు, మధ్యలో పిల్లలం చాపల మీద. మాకు నిజమైన గంట లేదు. వేపచెట్టుకు కట్టిన రైలు పట్టా ముక్కే గంట. ఇనుప కడ్డీతో కొడితే పక్క ఊరికి వినబడేది. బల్ల వెనక గోడ మీద నీలం రంగుతో "యేసుక్రీస్తు నిన్న, నేడు, ఒక్కటేరీతిగా ఉన్నాడు" అని రాసి ఉండేది. వాన నీళ్లు కారి "నేడు" దగ్గర సున్నం ఊడింది. రంగులవాడు ప్రతి క్రిస్మస్‌కూ ఆ ఒక్క మాటే మళ్లీ రాసేవాడు, అందుకని అది మిగతా వాటికంటే కొట్టొచ్చినట్టు ఉండేది.

పిడికెడు బియ్యం ఆడవాళ్ల లెక్క. పూటపూటా అన్నానికి ఎసరు పెట్టి, బియ్యం చేటలో పోసుకున్నాక, అందులోంచి ఒక పిడికెడు తీసి దేవుడి డబ్బాలో వేయాలి. నాయనమ్మ పిడికిలి డబ్బా మూతి మీద ఒక్క క్షణం ఆగేది, పెదాలు కదిలేవి, తర్వాత బియ్యం గలగలమనేవి. ఆదివారం ఆ డబ్బా తీసుకెళ్లి గుడిలో గోతంలో పోసేవాళ్లు. పాస్టరు గారింటి కుండ చాలావరకు వాటితోనే ఉడికేది. ఇంట్లో బియ్యం లేక సంకటి తిన్న రోజున పిడికెడు జొన్నలు వేసేది. లేని రోజున వేయకపోతే ఏమని మా అమ్మ గొణిగేది.

ఇక అసలు సంగతి. 1990లలో మా సంఘం చీలింది.

దీన్ని సిద్ధాంతం తగాదాగా చెప్పుకుంటారు గానీ నాకు అట్లా అనిపించదు. పైకి గొడవ బాప్తీస్మం మీదే. మా గుడిలో పసిపిల్లలకు తల మీద నీళ్లు చిలకరిస్తారు. బయటి నుంచి వచ్చిన ఒక యువ బోధకుడు, అది చెల్లదు, తెలివి వచ్చాక చెరువులో పూర్తిగా మునగాలి అన్నాడు. ఊరి చివర రేకుల షెడ్డు వేసుకుని కూటాలు పెట్టాడు. డప్పులు, చప్పట్లు, కన్నీళ్లు, ఉపవాస ప్రార్థనలు. రెండేళ్లు తిరిగేసరికి మా గుడిలో సగం చాపలు ఖాళీ.

అట్లా పోయినవాళ్లలో మా బాబాయి ఒకడు. బాబాయి అప్పటిదాకా తాగేవాడు. గుడికి వస్తే గుమ్మం దగ్గర, చెప్పుల పక్కన కూర్చునేవాడు, ప్రసంగం సగంలో లేచిపోయేవాడు. మావాళ్లెవరూ ఆయన్ని లోపలికి రమ్మనలేదు, కానుక పట్టే పని కూడా చెప్పలేదు. ఆ షెడ్డులో బోధకుడు మొదటి రోజే పక్కన కూర్చోబెట్టుకుని, తల మీద చేతులుంచి ప్రార్థించి, రాత్రంతా ఆయనతో మేలుకున్నాడు. బాబాయి తాగుడు మానేశాడు. మానేసిన మనిషికి చిలకరింపు గొప్పదా మునక గొప్పదా అని మనం వాదించి ఏం లాభం? సంఘపెద్దలు మాత్రం వాదించారు. అక్కడికి వెళ్లేవాళ్లకు ఇక్కడ బల్ల లేదని ప్రకటన చేయించారు. పెద్దల్లో మా పెదనాన్న కూడా ఉన్నాడు. అంటే ఒకే తల్లి కొడుకులు, ఒకడు ఇటు, ఒకడు అటు.

బాబాయి వచ్చి తల్లిని కూడా రమ్మన్నాడు. "అమ్మా, నీది బాప్తీస్మం కాదే. నువ్వు కూడా మునగాలి."

"నన్ను తండ్రిగారు తల మీద చెయ్యి పెట్టించి ఒప్పించుకున్నారురా. మళ్లీ ఇంకొకరికి ఎట్లా ఒప్పుకోను?" అంది. ఇక దాని మీద మాట లేదు.

కానీ బాబాయి మునిగే రోజు తెల్లవారుజామున నాయనమ్మ చెరువు కట్ట మీద ఉంది. నేను సెలవులకు వచ్చి ఉన్నాను, తోడు వెళ్లాను. చేతిలో ఉతికి మడతపెట్టిన పంచె, తువ్వాలు. నీళ్లలోకి చూడలేదు, పాట కలపలేదు. బాబాయి వణుకుతూ గట్టెక్కగానే తువ్వాలు ఆయన తల మీద వేసి, చిన్నప్పుడు పిల్లలకు తుడిచినట్టు గట్టిగా రుద్దింది. ఆయన అప్పటికి నలభై దాటిన మనిషి. ఏడ్చేశాడు. "ముక్కు చీదుకో" అంది నాయనమ్మ.

ఆ వారమే వంటింటి గూట్లోకి రెండో డబ్బా వచ్చింది. పిడికెడు ఒక డబ్బాలో, పిడికెడు ఇంకో డబ్బాలో. ఉన్న పిడికెడును రెండుగా పంచిందనుకునేరు, కాదు. పూటకు రెండు పిడికిళ్లు. మా అమ్మకు ఒళ్లు మండింది. "ఆళ్లు మనల్ని రక్షణ లేనోళ్లంటున్నారు, ఆళ్లకెందుకత్తా బియ్యం?"

"ఆ బోధించే పిల్లోడికి పెళ్లాం ఉంది, ఇద్దరు బిడ్డలున్నారు. ఆళ్లేం తింటారు?"

పెద్దలు పిలిచి అడిగారు. ఒక సంఘ సభ్యురాలు రెండు సంఘాలను పోషించడం పద్ధతి కాదన్నారు. పెదనాన్న తల వంచుకుని కూర్చున్నాడట. నాయనమ్మ చెప్పింది ఒకటే: "గుడికి రావాల్సిన పిడికెడు తగ్గిందా అయ్యా? తగ్గితే అడగండి." తగ్గలేదు కాబట్టి వాళ్లు ఏమీ అనలేకపోయారు.

ఇదంతా ఆమె ధీమాగా చేసిందని అనుకుంటే పొరపాటు. ఆ సెలవుల్లోనే ఒక రాత్రి నాకు మెలకువ వచ్చింది. అరుగు మీద కూర్చుని, గోడకు ఆనుకుని, గొంతు తగ్గించి ప్రార్థన చేసుకుంటోంది. ముందు మా పాస్టరు గారి పేరు, తర్వాత షెడ్డు బోధకుడి పేరు, పెద్దకొడుకు, చిన్నకొడుకు, కోడళ్లు, మేము. వరుస అయిపోయాక చాలాసేపు ఏమీ అనలేదు. నిద్రపోయిందేమో అనుకున్నాను. అప్పుడు అంది, "నాకు తెలుస్తలేదు నాయినా. ఎవరిది నిజమో నాకు తెలుస్తలేదు. నువ్వు చూసుకో. నేను ఊడుస్తా." అని లేచి వెళ్లి పడుకుంది. విశ్వాసం మీద నేను చాలా ప్రసంగాలు విన్నాను. ఏదీ ఈ నాలుగు ముక్కల దగ్గరకు రాలేదు. నిజం ఎవరి పక్షాన ఉందో తేలేదాకా ఆగి అప్పుడు నమ్ముదామని ఆమె అనుకోలేదు. తేలకుండానే నమ్మింది, తేలకుండానే మర్నాడు చీపురు పట్టుకుంది.

పాత గుడి కూల్చింది ఆ తర్వాత కొన్నేళ్లకు. పెంకు జారి వాన లోపల పడుతోంది, దూలాలు చెదలు పట్టాయి, ఏదో ఒకటి చేయక తప్పదు. హైదరాబాదులో స్థిరపడ్డవాళ్లు, దుబాయి వెళ్లినవాళ్లు చందాలు పంపారు. కూల్చే రోజు పెద్దవాళ్లు కొందరు ఏడ్చారు. నీలం అక్షరాల గోడ పడినప్పుడు నాకూ గుండె కలుక్కుమంది. నాయనమ్మ మాత్రం "చెదలు పట్టని దూలాలు ఎవరికి అమ్ముతున్నారు, ఎంతకు?" అని అడిగింది. ఆమె అనుమానం సరైందే. మంచి టేకు దూలాలు కారుచౌకగా పోయాయి. ఎవరికి పోయాయో ఊళ్లో అందరికీ తెలుసు.

అనుకున్నట్టు ఏడాదిలో పూర్తి కాలేదు. పిల్లర్లు లేచాక డబ్బులైపోయాయి. ఆదివారాలు టెంటు కింద జరిగాయి. వానాకాలం వచ్చి ఒక ఆదివారం టెంటు కూలి ముసలివాళ్ల మీద పడింది. ఆ సాయంత్రం బాబాయి, ఆ బోధకుడు ఇద్దరూ పెదనాన్న ఇంటికొచ్చారు. "మా కూటం పొద్దున పదింటికల్లా అయిపోద్ది. తర్వాత షెడ్డు మీరు వాడుకోండి" అన్నారు. పెద్దలు వారం రోజులు తర్జనభర్జన పడ్డారు. వాన తగ్గలేదు. దాంతో ఒప్పుకున్నారు.

అట్లా మమ్మల్ని రక్షణ లేనివాళ్లన్న షెడ్డులో, వాళ్లకు బల్ల లేదన్న మేము, ఏడాదికి పైగా ఆరాధన చేసుకున్నాం. వాళ్లు బయటికి వచ్చేటప్పుడు మేం లోపలికి వెళ్లేవాళ్లం. చెప్పులు కలిసిపోయేవి. మొదట్లో తలలు తిప్పుకున్నవాళ్లు చెప్పులు వెతుక్కునే వంకతోనే మాట్లాడుకున్నారు. నాయనమ్మకు రెండు డబ్బాలూ ఒకే చోటికి మోయడం తేలికైంది. దాని గురించి ఆమె అందరితో చెప్పి నవ్వింది.

కొత్త గుడి ప్రతిష్ఠ అయ్యాక మళ్లీ ఎవరి చోటు వాళ్లది. కలిసిపోలేదు, ఇప్పటికీ కలవలేదు. బల్ల లేదన్న ప్రకటనను మాత్రం ఎవరూ మళ్లీ చదవలేదు, ఎత్తేశామని కూడా చెప్పలేదు. మా సంఘంలో చాలా తగాదాలు ఇట్లాగే ముగుస్తాయి. నాయనమ్మ పోయినప్పుడు సమాధి దగ్గర ఇద్దరు పాస్టర్లూ ప్రార్థన చేశారు. షెడ్డు ఆయనది బాగా పొడుగు.

పాటల గురించి పెద్దగా చెప్పను. హార్మోనియం పోయి కీబోర్డు వచ్చింది, తబలా పోయి ప్యాడ్ వచ్చింది, రైలు పట్టా ముక్క పోయి మైకులో రికార్డు గంట వచ్చింది. సౌండు బాక్సులు గుండెల మీద కొడతాయి, నాకు నచ్చదు, పిల్లలకు నచ్చుతుంది. పాత కీర్తనలు పాడే ఆదివారం వాళ్లు ఆవలిస్తారు. ఇందులో దేవుడి పక్షం వెతకడం నేను మానుకున్నాను.

నన్ను నిజంగా కదిలించిన మార్పు కరోనా తర్వాతది. 2020 మార్చిలో గుడి మూతపడింది. ఫోన్లలో ప్రార్థనలు విన్నాం. తిరిగి తెరిచాక ఒకే గిన్నె తీసేసి, బల్లకు చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు పెట్టారు. జబ్బు సంగతి తెలియనిదాన్ని కాదు, ఆ రోజుల్లో అది అవసరమే. సమాధానం అందించడం కూడా ఆపి దూరం నుంచి నమస్కారం అన్నారు, అదీ అవసరమే. అయితే భయం తగ్గిన తర్వాత కూడా కప్పులే ఉండిపోయినప్పుడు నాకు బాధ కలిగింది. ఎవరి ఎంగిలి వాళ్లదేనన్న సుఖం తొందరగా అలవాటైంది. ఒకే గిన్నె దగ్గరకు చాపల మీంచి లేవడానికి మా పెద్దవాళ్లకు ఎన్నేళ్లు పట్టిందో కప్పులు కొన్న కుర్రాళ్లకు తెలియదు, ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాతే మాకు బదిలీ మీద ఒక ఆవిడ పాస్టరుగా వచ్చారు. నంద్యాల డయాసిస్‌కు, అంటే ఒక బిషప్ కింద ఉండే ప్రాంతానికి, 2013లో పుష్ప లలిత గారు బిషప్ అయ్యారు, సీఎస్ఐలో మొదటి మహిళా బిషప్ ఆవిడే. కాబట్టి ఇది వింతేమీ కాదు. మా ఊళ్లో మాత్రం వింతే. "ఆడమనిషి చేత్తో బల్లా?" అన్నారు. అన్నవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. పెదనాన్నకు అప్పటికి డెబ్బై దాటాయి, ఆయన మొదటి నెల బల్ల తీసుకోలేదు.

ఆవిడ ఎవరితోనూ వాదించలేదు. స్కూటీ మీద ఇల్లిల్లూ తిరిగారు, మంచం పట్టినవాళ్ల దగ్గరికి ముందు వెళ్లారు. పెదనాన్నకు జ్వరం వస్తే వెళ్లి, ప్రార్థన చేసి, ఆయన చేతిని రెండు చేతులతో మూసి "సమాధానం" అన్నారట. పెదనాన్న చేతులు కూడా పాత అలవాటు కొద్దీ ఆవిడ చేతుల్ని మూసేశాయట. వచ్చే ఆదివారం ఆయన ముందు వరుసలో ఉన్నాడు. గిన్నె సంగతి నేను ఫోన్లో ఆవిడ దగ్గర ఎత్తాను. "నాకూ గిన్నే ఇష్టమమ్మా. జబ్బు మనుషులకు కప్పులు ఉంచి మిగతా వాళ్లకు గిన్నె పెడదామని కమిటీలో అన్నాను. మూడు మీటింగులు అయ్యాయి, తేలలేదు. తేలేదాకా ఉన్నదాంతో నడిపిద్దాం" అన్నారు. ఇంకా తేలలేదు.

మొన్న కోతపండుగకు ఊరు వెళ్లాను. ఆరాధన అయ్యాక ఎప్పట్లాగే కానుకల వేలం. బియ్యం బస్తాలు, కోళ్లు, సొరకాయలు, ఎండుమిర్చి, ఒక మేకపిల్ల. పాస్టరమ్మ గారే మైకు పట్టుకుని పాట పెంచుతున్నారు, ఆవిడకు ఈ పని బాగా చేతనైంది. చివర్లో ఒక పెద్ద గుమ్మడికాయ వచ్చింది. పెదనాన్న వెయ్యి అన్నాడు. వెనక గుమ్మం దగ్గర నుంచి ఎవరో పన్నెండొందలు అన్నారు. తిరిగి చూస్తే బాబాయి. పక్కన షెడ్డు సంఘం కుర్రాళ్లు ఇద్దరు.

కమిటీలో ఒకాయన గొణిగాడు, ఆయన మన సంఘం కాదు కదా, పాట ఎట్లా పాడతాడని. పాస్టరమ్మ గారు వినిపించుకోనట్టు "పన్నెండొందలు ఒకటోసారి" అన్నారు. పెదనాన్న రెండు వేలన్నాడు. బాబాయి మూడు వేలు. మనవళ్లు పెదనాన్న చెయ్యి పట్టుకుని ఆపుతున్నారు, ఆయన ఆగడం లేదు. గుడంతా ఈలలు. చివరికి కాయ 4,200కు బాబాయికే పోయింది. జేబులో అంత లేక సగం నగదు, సగం ఫోన్‌పే చేశాడు. ఆ సాయంత్రం షెడ్డులో ప్రేమవిందట, కూరకు కావాలట.

కుర్రాళ్లు కాయను ఆటోలో పెడుతుంటే పెదనాన్న కర్ర ఊతంతో గుమ్మందాకా వచ్చాడు.

"ఒరేయ్, కూర ఒక గిన్నె నాకు పంపు. మీ వదినకు చెప్పకు, షుగరని తిననీదు" అన్నాడు.